మగ్గు ముఖ్యమైన తొమ్మిది రోజులు

తెప్పలూరు ఏడో వార్డు, మనోలైన్ల శాఖ దినచర్య పుస్తకం. రాస్తున్నది కొపనాతి మాణిక్యం, లైన్‌మన్. ఆడదాన్నే. పదవి పేరు మార్చడానికి తగిన ఫారం శాఖలో లేదట. ఈ పుస్తకం పైవాళ్ళు ఎవరూ చదవరని ఇరవై ఆరేళ్ళ సర్వీసులో తెలిసిపోయింది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

సోమవారం

పొద్దున్నే స్తంభం ఎక్కి, వార్డు లైన్లన్నీ కలిసే డబ్బాకి పట్టిన ఉప్పు గీకాను. ఆ ఉప్పు వేలు మందం దాటితే వార్డు మొత్తానికి ఒకేసారి పాత తగాదాలు గుర్తొస్తాయి. కిందటేడు నేను జ్వరంతో పడుకున్న వారంలో మూడు కుటుంబాలు ఇళ్ళ మధ్య తడికలు కట్టుకున్నాయి.

తర్వాత రెండు ఫిర్యాదులు. మూడో వరసలో వెంకాయమ్మ గారికి పరధ్యాన లైను ఆగడం లేదు. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు మనసు తన గురించి తాను మాట్లాడుకునే లైను అది. అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. ఆవిడకి మాత్రం ముప్పై ఏళ్ళ నాడు తోటికోడలు అన్న ఒక్క మాట మీదే తిరుగుతోంది, పని లైనుకి సందివ్వడం లేదు. రెండో ఫిర్యాదు దానికి తలకిందులు. పడవల మేస్త్రీకి పని లైను ఆగక నిద్రలో గాలికి మేకులు కొడుతున్నాడు. చూడటానికి వేరు గానీ ఇద్దరి జబ్బూ గేటులోనే ఉంది. ఏది ముఖ్యం, ఏది కాదు అని చూసి, రెండు లైన్లలో ఏది తెరవాలో తేల్చేది గేటు. నా ఉద్యోగం గేట్లు సరిచేయడం.

ఈ రోజు శాఖ కొత్త మీటర్లు పంపింది. పాతవాటితో పెట్టిన సున్నాలన్నీ చెల్లవు, వార్డులో నలభై మూడు తలలకీ మళ్ళీ పెట్టాలట. సున్నా పెట్టడమంటే, ఎవరికీ ఏ మాత్రం ముఖ్యం కాని వస్తువొకటి మనిషి ముందు ఉంచి, లైను అందుకోవడానికి అందరూ పెట్టుకునే తలపట్టీకి మీటరు తగిలించి, గేటుకి 'ఇదీ సున్నా' అని నేర్పడం. మిగతా ప్రపంచాన్ని అది అక్కణ్ణుంచి కొలుచుకుంటుంది. ప్రతి లైన్‌మన్‌కీ శాఖ ఆమోదించిన సున్నా వస్తువు ఒకటుంటుంది. ఆరో వార్డు లైన్‌మన్‌కి తెగిన చెప్పు ఉండేది. ఒకావిడ అది చూసి పోయిన మొగుణ్ణి తలుచుకుని ఏడ్చేసరికి రద్దు చేశారు. నాది స్నానాలగదిలో వాడే నీలం ప్లాస్టిక్ మగ్గు. పదహారేళ్ళలో ఒక్కరు కూడా దానివంక రెండోసారి చూడలేదు. శాఖలో నా మగ్గుకి మంచి పేరుంది.

కొత్త మీటరుతో పాటు మాన్యువల్ కూడా ఇచ్చారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఉన్నదానికి మాన్యువల్ దేనికి? దాన్ని మజ్జిగ గిన్నె మీద మూతగా పెట్టాను. ముల్లు అడుక్కి దింపి నలభై మూడు మందికీ సున్నా ముద్ర నొక్కేసి సాయంత్రానికి ఇల్లు చేరాను.

ఇంట్లో నలభై నాలుగో తల ఉంది, నా చెల్లెలు పగడాలు. బంధువుల తల మీద చెయ్యి వెయ్యకూడదని రూలు. అందుకని దాని పేరు ఏ జాబితాలోనూ లేదు, నేనే చూసుకుంటున్నాను. దాని గేటు పడిపోయి మూడేళ్ళయింది. అన్నం, పండగ, ఎండ, వాన, ఏదీ దానికి ముఖ్యం అనిపించదు. గోడ వైపు తిరిగి పడుకుంటుంది. పరధ్యాన లైను లోపల మోగుతూనే ఉంటుంది, అదీ దాన్ని తిట్టడానికే. కారణం ఏమిటని అందరూ అడుగుతారు. కారణమంటూ ఉంటే నేనే వెళ్ళి దాంతో దెబ్బలాడేదాన్ని. నెలనెలా గేటు ఎత్తుతాను, మర్నాటికి పడిపోతుంది. ఈ రోజు దానికి కూడా మగ్గు చూపించి ముద్ర నొక్కాను.

మంగళవారం

తెల్లారేసరికి సోమలింగం మాస్టారు వాకిట్లో నిలబడి ఉన్నారు. రిటైరైన లెక్కల మాస్టారు, అనవసరంగా ఎవరి గుమ్మమూ తొక్కని మనిషి.

"మాణిక్యం గారూ, మగ్గు కులాసాగా ఉందాండీ?" అన్నారు.

"ఏ మగ్గండీ?"

చిన్నపిల్లల్ని చూసి నవ్వినట్టు నవ్వారు. "ఆయ్, మీరు భలేవారండీ. ఓసారి చూసెళ్దావని వచ్చేనంతే. రాత్రంతా చలిగాలి కదండీ."

ఎనిమిదింటికి అరుగు మీద పదకొండు మంది చేరారు. మగ్గు గోడ మీద బోర్లించి ఉంది. దానికి ఎదురుగా కూర్చుని, ఏదో శుభకార్యానికి వచ్చినట్టు ఒకరి వంక ఒకరు చూసుకుంటున్నారు. నాకు ఏమీ అర్థం కాలేదు. నా పట్టీ పెద్దాఫీసులో సరిచేస్తారు కాబట్టి నాకది మగ్గులాగే కనిపిస్తోంది.

అప్పుడు లోపలి నుంచి గొంతు వినిపించింది.

"అక్కా, దాన్ని ఎండలో పెట్టేవేంటే? రంగు వెలిసిపోద్ది."

చేతిలో చెంబు జారిపోయింది. ఎనిమిది నెలల్లో పగడాలు అన్న మొదటి పూర్తి మాట అది. లేచి కూర్చుని ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని బాగా ఏడ్చాను.

గురువారం

నిన్ననే పెద్దాఫీసుకి కబురు పంపాల్సింది. గేట్లలో తప్పు జరిగిందని నాకు అప్పటికే తెలుసు. పంపలేదు. ఎందుకో కూడా రాస్తున్నాను: నిన్న పగడాలు మూడు ఇడ్లీలు తింది. ఈ రోజు నాలుగు.

మన వాళ్ళు నలుగురు చేరాక కమిటీ పుట్టకుండా ఉంటుందా? మగ్గు సంరక్షణ కమిటీ, అధ్యక్షులు సోమలింగం మాస్టారు. మొదటి సమావేశంలోనే రెండు వర్గాలయ్యారు. మగ్గు పిడి తూర్పుకి ఉండాలని ఒకరు, పిడి ఎటున్నా మూతి పైకి ఉండాలని ఇంకొకరు. మాస్టారు దాన్ని కొలిచి లీటరుంపావు పడుతుందని ప్రకటించేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. పడవల మేస్త్రీ కూతురి పెళ్ళివారు ముహూర్తం వాయిదా వేశారు, మగ్గుకి ఆ రోజు వీలవుతుందో లేదో కనుక్కోకుండా ఎలా పెట్టుకుంటామని.

"ఇది నీళ్ళు పోసుకునే మగ్గండీ బాబూ" అని అరుగెక్కి అరిచాను.

"ఎంత అణకువండీ మీది" అని వెంకాయమ్మ గారు నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. పాపం, తోటికోడలి మాట ఊసే లేదు. నేను చూసినంతలో ఆవిడ ఇంత సుఖంగా ఎన్నడూ లేదు.

అసలుదాన్ని దాచి, అచ్చం అలాంటిదే ఇంకో నీలం మగ్గు కొని పెట్టి చూశాను. ఒక్కరు కూడా మోసపోలేదు. పగడాలైతే నన్ను గంటసేపు తిట్టింది. మూడేళ్ళ తర్వాత తిట్లు తినడం ఎంత బాగుందో చెప్పలేను.

శనివారం

పగడాలు గుమ్మం దాటింది. తల దువ్వుకుని, చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని కమిటీ సమావేశానికి వెళ్ళింది. మగ్గుని ఉప్పునీళ్ళతో కడుగుతున్నారని తెలిసి మంచినీళ్ళ కోసం రేవుదాకా నడిచింది. దారిలో ఎవరో పలకరిస్తే నిలబడి మాట్లాడింది. వాళ్ళ మేక ఈనిందట, ఇంటికొచ్చి ఆ సంగతి నాకు చెప్పింది. మేక సంగతి దానికెందుకు? గేటు మగ్గు కోసం తెరుచుకుంటే, దాని వెనకాల మేక కూడా దూరినట్టుంది.

సంతోషంగా ఉంది. భయంగానూ ఉంది. మా వార్డంతా ఒక పెద్ద తెప్ప. సముద్రం పోటు వచ్చేటప్పుడు నాలుగు మూలలా తాళ్ళు వదులు చెయ్యాలి, దానికి వంతులున్నాయి. ఈ రోజు వంతువాళ్ళు రాలేదు. వెళ్ళి చూస్తే మగ్గుకి పల్లకీ కడుతున్నారు. 'ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత' అంటారు గానీ, వీళ్ళ ఇళ్ళలో మూడు రోజుల చేప నిజంగానే ఈగలతో మోగుతోంది. నాలుగు తాళ్ళూ నేనే వదులు చేశాను, అరచేతులు ఒరుసుకుపోయాయి.

సోమవారం

ఈ రోజుది కూడా ఉన్నదున్నట్టే రాయాలి.

మధ్యాహ్నం పోటు వేళకి ఊరేగింపు పెట్టారు. తాళ్ళ దగ్గర ఎవరూ లేరు. నేను ఒక మూల వదులు చేసి రెండో మూలకి పరిగెత్తేలోపే తెప్ప గిరుక్కున తిరిగి ఆరో వార్డుని గుద్దింది. సోమలింగం మాస్టారి వంటిల్లు పొయ్యితో, రోలుతో సహా నీళ్ళలోకి జారిపోయింది. అందులో మనుషులెవరూ లేకపోవడం మా అదృష్టం. మాస్టారు అటు ఓసారి చూసి, "పోతే పోయిందండీ, మగ్గుకేం కాలేదు కదా!" అని నవ్వారు. ఆ నవ్వు చూశాక ఈ గొడవలో నాకు నవ్వు రావడం మానేసింది. గోడ వైపు తిరిగి పడుకున్న పగడాలు చూపూ, ఆయన నవ్వూ నాకు ఒకలాగే కనిపించాయి.

అదే కుదుపుకి మగ్గు కూడా పల్లకీలోంచి ఎగిరి నీళ్ళలో పడింది. నలభై మూడు మంది తెప్ప అంచున నిలబడి, దూకడం ఎవరి బాధ్యతని కమిటీ నియమాలు వెతుకుతున్నారు. పగడాలు మాత్రం దూకేసింది.

తెప్ప తిరిగిన సుడిలో అది మునిగింది, నేను నలభై అంకెలు లెక్కపెట్టినా పైకి రాలేదు. నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. నలభై ఒకటో అంకెకి రెండు తెప్పల సందులోంచి ముందు మగ్గు వచ్చింది, తర్వాత చెయ్యి, ఆ తర్వాత తల. మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. "దీనికి గీత కూడా పళ్ళేదక్కా" అంది.

పెద్దాఫీసుకి కబురు పంపాను. నేను ఆలస్యం చేసిన ఐదు రోజులకీ జవాబుదారీ నేనే. 'మీ ఫిర్యాదు మాకు ఎంతో ముఖ్యం' అని వెంటనే జవాబు వచ్చింది.

మంగళవారం

అసిస్టెంటు ఇంజినీరు తలాటం భోగేశ్వరరావు గారు మర పడవలో దిగారు. ముప్పై దాటని మనిషి, మాట్లాడితే రూలు నంబరు చెబుతారు. మీటరు చేతిలోకి తీసుకోగానే తేల్చేశారు.

"మాన్యువల్ చదివారా అమ్మా?"

"మజ్జిగ గిన్నె మీద మూతగా ఉందండీ."

"కొత్త మీటర్లలో సున్నా పైనుంటుంది. అడుగున ఉన్నది వంద. మీరు సున్నా అనుకుని వంద నొక్కేరు. వీళ్ళ గేట్లకి ఈ మగ్గుకన్నా ముఖ్యమైంది లోకంలో లేదు."

"పైనెందుకు పెట్టారండీ సున్నా?"

ఆయన గొంతు తగ్గించారు. "నమూనా మీటర్ని పెద్దాఫీసులో గోడకి తలకిందులుగా తగిలించారు. పెద్దాయన అలాగే చూసి బాగుందన్నారు. తప్పని ఎవరు చెప్తారు? ఐదువేలు అలాగే చేయించేరు."

రేపు పొద్దున్న అందరికీ సున్నా తిరిగి పెట్టాలి. ఆ తర్వాత, చెడిన సున్నా వస్తువు వార్డులో ఉండకూడదు కాబట్టి, నూట పన్నెండో రూలు ప్రకారం మగ్గుని మరలో వేసి నలిపేస్తారు.

"మొత్తం ఎన్ని తలలు?" అని అడిగారు.

"నలభై మూడండీ" అన్నాను.

సాయంత్రం పగడాలు పక్కన కూర్చున్నాను. మోచేతికి కట్టు, ఒళ్ళో మగ్గు. దాని గేటు దించకుండా మగ్గుని నలిపిస్తే గుండె పగిలి చస్తుంది. దించితే మళ్ళీ గోడ వైపు తిరుగుతుంది. ఏమీ చెయ్యకుండా వదిలేస్తే, రేపు మళ్ళీ ఏ సుడిలోనో దూకుతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, నా మందు అలాంటిదే. దాచి లాభం లేదని ఉన్నదంతా చెప్పేశాను.

"అది నా తప్పే పగడాలూ. నీకది ముఖ్యం అనిపించడం మీటరు చేసిన పని."

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నీళ్ళ మగ్గని నాకు తెలీదేంటే? పదహారేళ్ళ బట్టీ నీ సంచిలో చూస్తన్నాను. నాకు పిచ్చనుకుంటన్నావా?" ఒళ్ళో మగ్గుని ఇటు తిప్పి అంది: "మగ్గేనని తెలుసు. అయినా కళ్ళు తెరవగానే లేవాలనిపిస్తంది. ఎంత బాగుంటదో నీకు తెలీదు. నీకు రోజూ అనిపిస్తది కాబట్టి తెలీదు."

అడగకూడనిది అడిగాను. "మగ్గు చోట నన్ను పెట్టనా? మీటరు ముందు నేను నిలబడతాను. వంద మీద నొక్కుతాను."

పగడాలు నా వంక చూసింది. "నువ్వెప్పుడూ ముఖ్యమేనే. పడుకున్న ఆ మూడేళ్ళూ నువ్వు ముఖ్యమే. లేవలేకపోయేనంతే. అది నీ మీటరుకి తెలవదు."

ఇరవై ఆరేళ్ళుగా గేటు ముల్లు సున్నా చూపిస్తే 'ఈ మనిషికి ఏదీ ముఖ్యం కాదు' అని పుస్తకంలో రాస్తున్నాను. ఎంతమంది గురించి అలా రాశానో.

"మరేం చెయ్యమంటావు?"

"దించొద్దు. దించాలంటే నేనే చెప్తాను. దూకనులే, ఒట్టు. మోచెయ్యి సలుపుతుంది."

బుధవారం

నలభై మూడు సున్నాలూ మధ్యాహ్నానికి పూర్తయ్యాయి. ముల్లు పైకి ఎత్తి నొక్కగానే ఒక్కొక్కరి ముఖమూ పూనకం దిగిన మనిషి ముఖంలా అయిపోయింది. వెంకాయమ్మ గారు మగ్గు చూసి, "ఇదేంటి, ఇక్కడెవరు పెట్టేరు?" అన్నారు. మరుక్షణమే తోటికోడలు గుర్తొచ్చి ముఖం ముడుచుకున్నారు. ఆవిడ గేటు శుక్రవారం విడిగా చూస్తానని మాటిచ్చాను.

ఆఖరుకి భోగేశ్వరరావు గారు మగ్గు కోసం చెయ్యి చాపారు. సంచిలోంచి తీసి ఇచ్చాను. గురువారం కొన్న మగ్గు. ఆయన గేటుకి తేడా ఏం తెలుస్తుంది? మరలో అది పటపటమంటుంటే నిలబడి శ్రద్ధగా సంతకం పెట్టాను. ఇది నేరమని తెలుసు, రూలు నంబరు కూడా తెలుసు.

ఆయన పడవెక్కుతూ, "ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నారా?" అన్నారు.

"చెల్లెలండీ. ఒంట్లో బాగోదు."

"గేటా?"

అబద్ధం ఆడదామనుకున్నాను గానీ తల ఊపేశాను. ఆయన చాలాసేపు తాడు విప్పుతూ ఉండిపోయారు. "మా నాన్నగారికీ అంతేనమ్మా" అన్నారు. కాగితంలో నలభై మూడే రాసుకున్నారు.

శుక్రవారం

వార్డులో ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. పల్లకీ కర్రలు విరిచి మాస్టారికి కొత్త వంటిల్లు కడుతున్నారు. కమిటీ రద్దయింది. అయితే రద్దు తీర్మానం ఎవరు ప్రవేశపెట్టాలన్న దాని మీద మళ్ళీ రెండు వర్గాలయ్యారట.

మాస్టారు తలొంచుకుని వచ్చారు. "పల్లకీ మోస్తుంటే ఫొటోలేవన్నా తీశారాండీ?"

"లేదండీ."

వెళ్ళబోతూ ఆగిపోయారు. "సిగ్గేస్తుందండీ. కానీ ఒక్క మాట. రిటైరయ్యేక ఇన్నాళ్ళలో పొద్దున్నే అంత హుషారుగా లేచింది ఆ తొమ్మిది రోజులేనండీ. అది మాత్రం ఎవరికీ చెప్పకండే."

తాళ్ళ వంతుల జాబితాకి మనిషి కావాలన్నాను. రోజూ పోటు లెక్కలు వేసి పెట్టాలి. అందులో కూడికలు చాలా ఉంటాయన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని కాగితం తీసుకున్నారు. మీటరు లేకుండా ఇంతవరకే చెయ్యగలను.

ఇంట్లో మగ్గు బీరువాలో ఉంది, పాత చీర చుట్టి. పగడాలు మొన్న నాలుగైదు సార్లు తీసి చూసుకుంది. నిన్న ఆరుసార్లు. ఈ రోజు మళ్ళీ మంచం దిగలేదు. నేను చేసింది తప్పేమోనని పొద్దుట్నుంచీ అనిపిస్తోంది. దించమని అది చెప్పలేదు, నేను అడగలేదు.

ఆదివారం

పొద్దున్న ఉప్పు గీకి స్తంభం దిగి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. బీరువా తెరిచి ఉంది. చీర నేల మీద ఉంది, మగ్గు లేదు. రేవు వైపు పరిగెత్తబోయాను. పోటు నిండుగా ఉంది.

అప్పుడు స్నానాలగదిలోంచి చప్పుడు వినిపించింది. బకెట్లో మగ్గు ముంచిన చప్పుడు, తర్వాత నీళ్ళు ఒళ్ళు తాకి గచ్చు మీద పడిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ముంచింది.

మూడేళ్ళుగా పగడాలుకి స్నానమంటే వారానికోసారి నేను కూర్చోబెట్టి పోస్తే పోయించుకోవడమే. ఇప్పుడు లోకంలో అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువుతో, తన చేత్తో తనే పోసుకుంటోంది. ముఖ్యం తగ్గి అది మామూలు మగ్గయిందో, లేక అంత ముఖ్యమైనది తన ఒంటికి వాడుకోవచ్చని ఈ రోజే తోచిందో నాకు తెలియదు. తలపట్టీకి తగిలించకపోయినా, తలుపు అవతల నుంచే గేటు ఎంత తెరుచుకుందో ముల్లుతో చూపించే కొత్త మీటరు నా భుజాన వేలాడుతోంది. సంచి విప్పలేదు.

"అక్కా! చచ్చిపోయేలా ఉన్నాను చలికి. తువ్వాలేదే?" అని లోపలి నుంచి కేక వేసింది.

సంచి కింద పెట్టి తువ్వాలు తీసుకుని వెళ్ళాను.